లారీకి ఆనుకొని తాగిన టీ

నేను చేసే పని ఏమిటో మా పల్లెలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. మాది కోయిలకుంట్ల దగ్గర ఒక చిన్న ఊరు. పెళ్లయి కర్నూలు వచ్చాక కంపెనీలకు, డెయిరీలకు, ఆసుపత్రులకు వర్క్‌షాపులు చేయడం మొదలుపెట్టాను. ఒకేచోట పనిచేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లను రెండు రోజులు ఒక హాల్లో కూర్చోబెడతాను. ఆటలాడించి, మాట్లాడించి, కలిసి పనిచేయడం ఎట్లాగో వాళ్లకు వాళ్లే తెలుసుకునేట్టు చేసి పంపిస్తాను. ఇదంతా మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. "మా పాప కొట్లాటలు తీరుస్తాది" అంటుంది.

మొదట్లో నాకు ముగింపు చేతనయ్యేది కాదు. రెండు రోజులూ బాగా నడిచేది. చివరి అరగంటలో తెర మీద పది సూత్రాలు చూపించి, ఒక్కొక్కటీ చదివి వినిపించేదాన్ని. అప్పటికే సగం మంది చేతిగడియారాలు చూసుకుంటూ, బస్సు వేళలు లెక్కేసుకుంటూ ఉండేవాళ్లు. ఒక పాల డెయిరీలో అట్లా ముగించి సామాను సర్దుకుంటుంటే, అక్కడ పాలు కొలిచే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. "రెండు దినాలూ శానా బాగుండెనమ్మా. కడాకు నువ్వేందో చెప్పినావు సూడు, అది మాత్రం ఒక్కటీ గుర్తుండల్యా" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో, పాపం బాధపడుతూనే చెప్పాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవుల్లో మోగింది.

ఆ వారంలోనే ఊరికి పోయి మా అమ్మతో ఈ సంగతి చెప్పాను. అమ్మ చాలా ఏళ్లు శనగ చేన్లకు కూలికి పోయింది. పొద్దు వాలాక ఆటో కోసం రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు ఆడవాళ్లందరూ వంతులేసుకొని నవ్వు కథలు చెప్పుకునేవాళ్లట. ఒకామె సద్ది సంచి అనుకొని ఇంట్లోవాళ్ల చెప్పుల సంచి చేనికి మోసుకొచ్చిన కథ నాకు అప్పుడే చెప్పింది. దానికొక కట్టుబాటు ఉండేదట. ఎవరి కథ వాళ్ల మీదే ఉండాలి. పక్కామె మీద చెబితే, మరుసటి రోజు ఆమె వేరే సాలు పట్టుకొని పోతుందట. మన మీద మనం చెప్పుకుంటే మాత్రం నడుము నొప్పి కూడా మరిచిపోయి ఆటో ఎక్కేవాళ్లం అంది అమ్మ.

ఆ కట్టుబాటునే నా ముగింపుకు తెచ్చుకున్నాను. అది మొదట పరీక్షకు నిలబడింది కల్లూరు నూనె మిల్లు వాళ్ల దగ్గర.

మిల్లు కల్లూరులో ఉంది, దాని డిపో కడపలో. యజమాని మెట్ట పొలాల రైతు కుటుంబం నుంచి వ్యాపారంలోకి వచ్చిన మనిషి. ఆయన బాధల్లా ఒకటే. మిల్లులో ప్యాకింగు చూసే సూపర్‌వైజరమ్మ, కడప డిపో ఇన్‌ఛార్జి, ఇద్దరూ ఏడు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. ఇద్దరూ పనిమంతులే, ఇద్దరూ పాతవాళ్లే. ఆమె చెప్పాల్సింది గుమాస్తాకు చెబుతుంది, గుమాస్తా ఇన్‌ఛార్జికి చెబుతాడు. వాళ్లిద్దర్నీ చూసి మిగతావాళ్లు కూడా రెండు జట్లయిపోయారు. ఏ జట్టూ రెండో జట్టు చోటికి వచ్చేట్టు లేదని, నడిమధ్యన ఉంటుందని కోయిలకుంట్లలో ఒక కల్యాణ మంటపం మాట్లాడి పెట్టాను.

రెండు వ్యాన్లలో వచ్చారు. మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర కల్లూరు వాళ్లు ఒక వరుస, కడప వాళ్లు ఇంకొక వరుస. రెండో రోజుకు కుర్రవాళ్లు కాస్త కలిశారు కానీ, ఆ ఇద్దరూ హాలుకు ఆ మూలా ఈ మూలా అట్లాగే ఉండిపోయారు. నేను పెట్టిన ఆటలన్నీ ఆడారు, అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పారు, ఒకరితో ఒకరు మాత్రం పలకలేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి యజమాని కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. తెర చుట్టి పక్కన పెట్టేసి, కుర్చీలన్నీ గుండ్రంగా వేయించాను. ప్రతి ఒక్కరూ పనిలో తాము చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలని, ఇంకొకరి మీద ఒక్క మాట కూడా పడకూడదని చెప్పాను. మొదలు నేనే పెట్టాను.

కొత్తలో కర్నూలులో ఒక ఫంక్షన్ హాలుకు వర్క్‌షాపుకని పోయాను. నాది మేడ మీది హాలు. కంగారులో కింది హాల్లోకి పోయాను. లోపల ఇరవై ముప్పై మంది రెండు పక్కలా ఎదురెదురుగా కూర్చొని, నవ్వు లేకుండా ఒకరినొకరు చూసుకుంటున్నారు. కంపెనీ వాళ్లు నాకు చెప్పిన లక్షణాలు సరిగ్గా అవే. అందర్నీ లేపి, అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు కలిపి, చేతులు పట్టించి గుండ్రంగా నిలబెట్టాను. ఎదుటి జట్టులో మీకు నచ్చిన మంచి గుణం ఒకటి చెప్పమన్నాను. ఒకాయన, ఇంకా ఏమీ చూడల్యా కదమ్మా అన్నాడు. ఫరవాలేదు, అనుకొని చెప్పండి అన్నాను. అరగంట గడిచాక తలపాగా పెద్దాయన ఒకరు మెల్లగా నా పక్కకు వచ్చి అడిగాడు. "ఏమనుకోవద్దు తల్లీ. నువ్వు పెండ్లికొడుకు తరపా, పెండ్లికూతురు తరపా?"

అది నిశ్చితార్థం. నేను అవతలివాళ్ల తాలూకు మనిషినని రెండు పక్కలవాళ్లూ అనుకొని, కాదంటే బాగుండదని చేతులు పట్టుకొని నిలబడ్డారు.

హాలంతా నవ్వింది. యజమాని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కానీ, ఇప్పుడు మీ వంతు అనేసరికి అందరూ నేల చూపులు చూశారు. ఇక నేనే ఇంకొక కథ చెప్పి సర్దుకుందామనుకుంటుండగా కడప డిపో ఇన్‌ఛార్జి లేచాడు. యాభై దాటిన మనిషి, రెండు రోజుల్లో నవ్వగా నేను చూడలేదు.

ఆయన నావైపే చూస్తూ చెప్పాడు. ఏడు నెలల కింద ఒక పొద్దున లారీ రావాల్సి ఉండింది. రాలేదు. డ్రైవరు ఫోను ఎత్తలేదు. అంగళ్లవాళ్లు ఒత్తిడి పెడుతున్నారు. డిపో ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర నిలబడి మిల్లుకు ఫోను చేసి, సూపర్‌వైజరమ్మను నోటికొచ్చినట్టు అన్నాడు. లారీ బయల్దేరనే లేదు, మీరంతా అబద్ధాలు చెబుతున్నారన్నాడు. ఫోను పెట్టేసి, మిగిలిన టీ తాగుతూ తల తిప్పితే, తను అప్పటిదాకా ఆనుకొని నిలబడింది ఆ లారీకే. తెల్లారకముందే వచ్చి, డిపో తలుపులు తీయలేదని ఎదురుగా ఆపుకొని, డ్రైవరు లోపల నిద్రపోతున్నాడు.

"ఆమెకు మళ్లా ఫోన్ చేసి చెప్పల్ల. నాకు మొగం చెల్లల్యా" అన్నాడు. "రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అనుకుంటానే ఏడు నెల్లయిపాయ."

ఎవరూ నవ్వలేదు. అందరి చూపులూ ఆమె మీదే ఉన్నాయి. ఆమె ఇప్పుడు లేచి వెళ్లిపోతే రెండు రోజుల పనీ గంగలో కలిసినట్టే. ఆమె చీర కొంగు సర్దుకొని, కూర్చున్నచోటి నుంచే అంది.

"ఆ పొద్దు లారీని యెతకనీకి నేను ఇద్దరు మనుషుల్ని నంద్యాల దాంక పంపిచ్చినా." తలెత్తి ఆయన్ను చూసింది. "టీ ఎట్లుండెనన్నా?"

"సల్లారిపోయినాదమ్మా" అన్నాడాయన.

అప్పుడు నవ్వారు. కుర్చీల మీద నిలవలేక నవ్వారు. నంద్యాల దాకా పోయిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. దారి పొడవునా ధాబాల దగ్గర ఆగి లారీ గురించి అడిగిన సంగతి వాళ్లు కలిపారు.

నవ్వులు తగ్గకముందే ఆమె లేచింది. తనకూ ఒకటి ఉందని, పెద్దసారు కోపం చేసుకోకూడదని యజమానికి ముందే చెప్పుకుంది. ఆ రోజు కోపంలో ఆమె ఇన్‌ఛార్జి నంబరుకు పేరు తీసేసి 'ఎత్తొద్దు' అని పెట్టుకుంది. ఒకరోజు ఆ 'ఎత్తొద్దు' వరసగా నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ చూసి, ఫోను గోతాల మీద బోర్లా పెట్టేసింది. కడపకు పోయిన యజమాని తన ఫోనులో చార్జింగు అయిపోయి, ఇన్‌ఛార్జి ఫోను అడిగి తీసుకొని చేస్తున్నాడని ఆమెకు మరుసటి రోజుగానీ తెలియలేదు. పెద్ద ఆర్డరు వచ్చిందని, ఆ రోజే ప్యాకింగు మార్చాలని చెప్పడానికి చేశాడట. ఎందుకు ఎత్తలేదంటే, మిషన్ల చప్పుడులో వినపడలేదని అబద్ధం చెప్పింది.

యజమాని నోరు తెరిచి చూశాడు. తర్వాత ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పి చేయించింది కాదు. ఆమె ఇన్‌ఛార్జి వైపు తిరిగి, ఇప్పుడొకసారి చేయమంది. ఆయన జేబులోంచి ఫోను తీసి చేశాడు. ఆమె చేతిలో ఫోను మోగింది. తెర మీద పేరును పక్కవాళ్లకు తిప్పి చూపించి, చెవి దగ్గర పెట్టుకుంది. హాలుకు ఆ కొస నుంచి ఆయన అన్నాడు.

"అమ్మా, లారీ వచ్చినాదమ్మా."

"శానా సంతోషమన్నా" అందామె. "బయల్దేరి ఏడు నెల్లాయ."

ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత వంతు కోసం నేను ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఐదున్నరకు బయల్దేరాల్సిన వ్యాన్లు ఏడుకు బయల్దేరాయి. డ్రైవర్లు హారను కొడుతున్నా రెండు ఊళ్లవాళ్లూ మంటపం మెట్ల మీద నిలబడి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. నేను ఒక్కదాన్నే లోపల కుర్చీలు సర్దుతూ, ఇది నేను చేసిన పని అని నాలో నేను పదిసార్లు అనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు ఏమీ సిగ్గనిపించలేదు. ఆ రాత్రే మా ఊరికి పోయి, పూసగుచ్చినట్టు అంతా అమ్మకు చెప్పాను. అమ్మ లారీ కథకు నవ్వలేదు కానీ ఫోను కథకు నవ్వింది.

మరుసటి ఏడు మిల్లులో కొత్తగా ముప్పై మందిని పనిలోకి తీసుకున్నారు. వాళ్లకు శిక్షణ పెట్టామని, ఒకసారి వచ్చి చూడమని సూపర్‌వైజరమ్మ ఫోను చేసింది. నేను చేసేదేమీ లేదు, ఊరికే వచ్చి కూర్చోమంది. షేర్ ఆటోలో కల్లూరు పోయాను. గోడౌన్‌లో గోతాల పక్కన ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. కడప ఇన్‌ఛార్జి కూడా వచ్చి కొత్తవాళ్ల మధ్యలో కూర్చున్నాడు. ఆమె మధ్యలో నిలబడి, ఎవరి కథ వాళ్ల మీదే చెప్పాలని నియమం చెప్పి, తనది మొదలుపెట్టింది. అది నేను ఎన్నడూ విననిది, ఆమె పనిలో చేరిన మొదటి రోజుది. సగం చెప్పేసరికే కొత్తపిల్లలు పక్కవాళ్ల భుజాల మీద పడి నవ్వుతున్నారు. కుర్చీల వెనక గోతాల మీద కూర్చొని నేనూ వాళ్లతో పాటే నవ్వాను.