పెళ్లి నీళ్లతో ఆర్పిన మంట

ఆ రోజుల్లో నాకు నా మాట మీద ఎంత నమ్మకమంటే, మైకు పట్టుకుని ఒకసారి గట్టిగా చెబితే ఊరంతా మారిపోతుందనుకునేదాన్ని. వ్యవసాయ విస్తరణ అధికారిగా కొత్త ఉద్యోగం, పోస్టింగు పెగడపల్లి దగ్గర మా మేనత్త ఊళ్లోనే. యాసంగి కోతలు కాగానే రైతువేదికలో అందరినీ కూర్చోబెట్టి, వరి కొయ్యకాళ్లు కాలబెట్టొద్దని, కాలబెడితే జరిమానా పడుతుందని గొంతు పోయేదాకా చెప్పాను. ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా తలూపింది మా మేనత్తే. (మామ దుబాయిలో ఉన్నాడు, సేద్యమంతా ఆమెదే.)

మర్నాడు మధ్యాహ్నం స్కూటీ మీద వస్తుంటే అత్త చెలక వైపు నుంచి పొగ. వెళ్లి చూస్తే ఆమె కొంగు నడుముకు చుట్టి, కర్రతో మంటను ఎగదోస్తోంది. "అత్తా, నిన్ననే గదా చెప్పిన" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ. "నువ్వు వరి కొయ్యలన్నవు బిడ్డా. గివి మక్క కట్టెలు" అంది శాంతంగా, మండుతున్న మొక్కజొన్న దంట్లు చూపిస్తూ. ఆ మాట పూర్తయ్యేలోపే గాలి మళ్లింది. మంట ఒడ్డు మీది ఎండుగడ్డిని పట్టుకుని పక్క రైతు గడ్డివాము వైపు పాకింది. ఆ వాము పక్కనే పాకలో అతని చూడి బర్రె కట్టేసి ఉంది, అతనేమో ఊళ్లో లేడు.

అత్త కర్ర పారేసింది. "అయ్యో, బర్రె" అంటూ పాక వైపు పరిగెత్తింది. నేను మోటారు దగ్గరికి పరిగెత్తాను, కరెంటు లేదు. ఫైరింజను జగిత్యాల నుంచి రావాలి. ఫోను చేసి, వేపమండలు విరిచి మంటను కొడుతుంటే రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు కనబడింది. వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

"మేడం, గివి పెండ్లి నీళ్లు. ఆడ బంతి కూసుంటున్నది" అన్నాడు డ్రైవరు.

"గవర్నమెంటు ఆర్డరు, తిప్పు" అన్నాను. (అలాంటి ఆర్డరు ఇచ్చే అధికారం నాకు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.) పాపం, తిప్పాడు.

పైపు పట్టుకున్న కంగారులో మొదటి ధార, బర్రెను విప్పుకొస్తున్న అత్త మీదే పడింది. ఆ తర్వాత మంట మీద పడింది. వాము ఒక అంచు మాడింది గానీ మిగతాదంతా నిలబడింది. ఆఖరి పొగ అణిగాక ఒడ్డు మీద కూలబడ్డాను. తడిసి ముద్దైన అత్త బర్రె పలుపు వదలకుండానే పక్కన కూర్చుని, "ఇగ మల్ల కాలబెట్ట బిడ్డా, ఏ కట్టెలైనా సరే" అంది. బర్రె మాత్రం నెమరేస్తోంది.

అంతలో పెళ్లికూతురు తండ్రి నీళ్లు వెతుక్కుంటూ బండి మీద వచ్చాడు. ఖాళీ ట్యాంకరును, కాలిన ఒడ్డును, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. తిడతాడని తల దించుకున్నాను.

"బర్రె మంచిగున్నదా?" అన్నాడు.

"ఉన్నది మామా" అన్నాను, ఊరి వరసన.

"గట్లయితే పాండ్రి, ఇద్దరు అచ్చి అన్నం తినుండ్రి. జర చేతులు ఇంట్లనే కడుక్కొని రాండ్రి, ఆడ నీళ్లు లేవు."

ఈమధ్య కోరుట్లలో ఆ పెళ్లికూతురు కలిసి, తన పెళ్లి ఫోటో ఒకటి ఫోనులో చూపించింది. ముఖం నిండా మసి, చేతిలో విస్తరి, లోకంలోని మంటలన్నీ ఆర్పి వచ్చినట్టు నవ్వుతున్న ఓ పిల్ల. ఫోను తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ పిల్లను ఇంకాసేపు చూసుకోవాలనిపించింది.