వేలిముద్రవాళ్ల ఉత్తరాలు

డెబ్బైల నడుమ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చాను. చేతిలో లెక్కల ఎమ్మెస్సీ, దానికి మించిన పొగరు.

అప్పట్లో ప్రోగ్రామంటే అట్టకార్డుల దొంతర. ఒక్కో కార్డు మీద ఒక్కో ఆదేశం. కార్మికులకు వెళ్లే ఉత్తరాలు అచ్చువేసే ప్రోగ్రామ్‌కి రెండు పెట్టెల కార్డులుండేవి. రాసింది మా సీనియర్. బోరబండ మనిషి, నెమ్మదస్తుడు. మొదటి కార్డు నుంచి చివరి కార్డు దాకా ఎక్కడా ఆగకుండా రాసుకుంటూ పోయారు. చదవబోతే తల తిరిగేది.

"దీన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక పేరు పెడతానండి. ఎవరు చూసినా అర్థమవుతుంది" అన్నాను.

"చెయ్యమ్మా. జర చూస్కుంట చెయ్యి" అన్నారాయన.

నెల పట్టింది. దొంతర సగానికి తగ్గింది. ఒకచోట ఉత్తరం అచ్చువేసే భాగమే రెండుసార్లు కనిపించింది. తేడా ఒక్కటే. సంతకం బదులు వేలిముద్ర వేసేవాళ్ల ఉత్తరాల మీద చిరునామా లేదు, కార్మికుడి టోకెన్ నంబరు మాత్రం ఉంది. చిరునామా వేయడం మరిచిపోయారనుకున్నాను. అడగొచ్చు, ఎదురు బల్ల దగ్గరే కూర్చునేవారు. అడగలేదు. తప్పు దిద్దానని మురిసిపోతూ రెండూ కలిపేశాను.

ఆ తర్వాతి నెలలో కార్మికులందరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. ఫలితాల ఉత్తరాలు నా కొత్త ప్రోగ్రామే అచ్చువేసింది. ప్రతిదాని మీదా చక్కగా చిరునామా పడింది. అన్నీ పోస్టులో వెళ్లాయి.

హఫీజ్‌పేట నుంచి వచ్చే పోతపని కార్మికుడొకాయన వారం రోజులు డ్యూటీకి రాలేదు. ఎందుకో సీనియరే కనుక్కుని వచ్చారు. చదువు రానివాళ్లకు పోస్ట్‌మ్యానే ఉత్తరం చదివి వినిపించడం అక్కడి అలవాటు. బోరింగు దగ్గర, పదిమందీ ఉండగా, ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని నీకు టీబీ ఉందని చెప్పేశాడు. ఆ సాయంత్రం నుంచే ఆయన భార్యని బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వలేదు.

"గందుకే అడ్రస్ ఎయ్యలేదమ్మా. గా ఉత్తరాలు దవాఖానల కాంపౌండర్‌కి ఇస్తుంటిమి. ఆయన పక్కకు పిల్చి మెల్లగ చెప్తుండె. నేను గూడ ఎక్కడా రాసిపెట్టకపోతి" అన్నారు సీనియర్. తిట్టినా బాగుండేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మందులు వాడితే నయమవుతుందని డాక్టరు చేత తెలుగులో ఇంకో ఉత్తరం రాయించుకుని, మర్నాడు మధ్యాహ్నం హఫీజ్‌పేట వెళ్లాను. ఆయన గడపలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. లోపలికి వెళ్లి చదువుతానని మెల్లగా అన్నాను.

"వద్దు బిడ్డా. ఈడ్నే చదువు. గట్టిగ చదువు. గా ఉత్తరం అందరు ఇన్నరు గద, ఇది గూడ ఇననీ."

వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. నయమవుతుందన్న వాక్యం రెండుసార్లు చదివాను. ఆయన నా వైపు చూడలేదు, ఎదురిళ్ల వైపు చూస్తున్నాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.