అవ్వ విసిరిన గవ్వలు

నా చిన్నప్పుడు మైపాడులో మా ఇంటి వాకిలి నాది. అంటే, అక్కడ ముగ్గు వేసే పని నాది. మా అమ్మ వేకువనే సముద్రం ఒడ్డుకు పోయేది, వలలు దులిపి చేపలు ఏరడానికి. ఆమె వచ్చేలోగా నేను నీళ్ళు చల్లి ముగ్గు వేసేదాన్ని. ఒక పండగనాడు నేను వేసిన తామరపువ్వును వీధిలో వాళ్ళంతా ఆగి చూశారు. నన్ను పాడుచేసింది ఆ మెచ్చుకోలే.

ఆ తర్వాత చెయ్యి ఎప్పుడూ ఆ పువ్వు దగ్గరికే పోయేది. కొత్తది వేద్దామని చుక్కలు పెట్టేదాన్ని, నచ్చక కాలితో చెరిపేసేదాన్ని, మళ్ళీ పెట్టేదాన్ని. పొద్దెక్కేది. పిండి అయిపోయేది. ఆఖరికి పాత పువ్వే వేసి లోపలికి పారిపోయేదాన్ని. పక్కింటి అక్క ఊరుకునేది కాదు. "ఏం పాపా, ఇది పండగనాటి ముగ్గేనా? ఇంకా చెరగలేదే!" అనేది. కొన్నాళ్ళకు అదీ వెయ్యలేక ఉత్త నీళ్ళు చల్లి ఊరుకున్నాను. అన్నం సయించదు, ఒకచోట కూర్చోబుద్ధి కాదు. అమ్మ చూసి చూసి, "పున్నమి దాకా చూస్తా. వాకిలి ఇట్లే బోసిగా ఉంటే ముగ్గు చెల్లెలికి అప్పజెప్తా" అని తేల్చేసింది. నా చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. ఊళ్ళో నన్ను ఫలానా అని గుర్తుపట్టేది ఆ ముగ్గుతోనే. అదీ పోతే ఇక నేనెవరిని?

మా అవ్వ ఎండుచేపలు అమ్మేది. ఓదార్చే మనిషి కాదు. మర్నాడు తెల్లవారకముందే నన్ను లేపి పెరట్లోకి తీసుకుపోయింది. వలల్లో చేపలతోపాటు వచ్చే గవ్వలు ఆమె కొంగులో ఉన్నాయి. ఒక గుప్పెడు తీసి తడి ఇసుక మీద విసిరింది.

"ఇవే నీ చుక్కలు. కలుపు."

"ఇట్లా ఎట్టబడితే అట్ట పడినాయే, ముగ్గెట్లా వస్తాదవ్వా? ఆ చివరిదాన్ని కాస్త ఇటు జరపనీ."

"జరిపినావంటే చెయ్యి విరగ్గొడతా. ఒక్క గవ్వ కూడా బయట మిగలకూడదు. పిండి గుప్పెడే, ఇంకా అడగబాక."

నేను వేసింది పువ్వూ కాదు, చేపా కాదు. అవ్వ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. గవ్వలు ఏరుకుని, చెంబెడు నీళ్ళు పోసి చెరిపేసి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

రోజూ అంతే. ఒకనాడు గవ్వలన్నీ ఒక మూల గుంపుగా పడేవి. ఒకనాడు ఒకటి దొర్లి రోలు పక్కకు పోయేది. దాన్ని అందుకోవడానికి గీతను అంత దూరం లాక్కుపోవాల్సి వచ్చేది. ఆ లాగుడులో ఒక తీగ పుట్టేది, దాని మీద నేనెప్పుడూ వెయ్యని ఆకొకటి. మనసు మాత్రం కుదుటపడలేదు. నచ్చినదాన్ని ఒక్కపూట ఉంచమని ఏడ్చాను. అవ్వ చెంబు ఆపలేదు.

"ఇది దాచుకుంటే రేపు మళ్ళా దీన్నే వేస్తావు" అంది.

పున్నమినాడు వాకిట్లో ఒక్కదాన్నే నిలబడ్డాను. అవ్వ రాలేదు, గవ్వలూ లేవు. కళ్ళు మూసుకుని పిండిని చిటికెలు చిటికెలుగా విదిలించాను. ఎక్కడ పడితే అక్కడే చుక్క అనుకుని, ఒకదాన్నీ వదలకుండా కలుపుకుంటూ పోయాను. అమ్మ తిరిగొచ్చి ముగ్గు చూసింది. తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికి పోయింది. చెల్లెలి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నా మోకాళ్ళు వంగవు. రోజువారీ క్యాలెండరులోంచి చించిన కాగితాన్ని ఎవరినీ పారెయ్యనివ్వను, దాని వెనక రోజూ ఒక ముగ్గు గీస్తాను. ఇప్పటికీ చాలా పొద్దుల్లో చెయ్యి మొరాయిస్తుంది, ఒళ్ళంతా చిరచిరలాడుతుంది. బుద్ధి పుట్టేదాకా కూర్చోను. ఆ రోజుది గీసేసి, ఎంత బాగా కుదిరినా సరే, చెత్తబుట్టలో వేసి లేస్తాను. రేపటికి నా చెయ్యి ఖాళీగా ఉండాలి.