కంట్లో చుక్కలు ఎవరేస్తారు?

కంటి ఆసుపత్రిలో సహాయకురాలిగా శిక్షణ పొందుతున్న రోజులవి. విజయనగరం నుంచి పొందూరు వెళ్లే బస్సులో పాఠం చదువుకుంటున్నాను. పక్కన ఖాళీ చేపల తట్టతో కూర్చున్న ముసలామె పుస్తకంలోని కంటి బొమ్మ మీద వేలు పెట్టింది.

“ఏటి సదువుతన్నావమ్మా?”

“ఆపరేషనయ్యాక కంట్లో చీము ఎందుకు పడుతుందో చదువుతున్నాను మామ్మా.”

ఆమె తెల్లబడిపోయిన తన ఎడమ కన్ను చూపించింది.

“ఆపరేషన్ బాగానే సేసినారు. సేతులు కడుక్కుని సుక్కలెయ్యమని ఇంటోలికి సెప్పమన్నారు. నాకెవులున్నారు? సేపలమ్మొచ్చి, అదే సేత్తో నేనే ఏసుకున్నాను.”

ఆమె చేయి పట్టుకున్నాను. తన ఊరు వచ్చేదాకా ఆమె వదల్లేదు.

ఇప్పుడు చుక్కల సీసా ఇచ్చేముందు ఇంట్లో ఎవరున్నారని ప్రతి ఒక్కరినీ అడుగుతాను. ఎవరూ లేరని చెప్పడానికి కొందరికి చాలాసేపు పడుతుంది. చెప్పేదాకా ఆగుతాను.