సముద్రం ఆడనే ఉంది గదా

నేను పనిచేసేది మా ఊళ్ళో సముద్రపు ఒడ్డున, ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో, ఒక గెస్ట్‌హౌస్‌లో. అక్కడ గదికొక సూక్తి తగిలించి ఉంటుంది. చెక్క ఫ్రేములో, ఇంగ్లీషులో, మంచానికి తలవైపు. ఒక గదిలో ఊపిరి పీల్చుకో అని, ఇంకో గదిలో ఈ క్షణంలో జీవించు అని, మేడమీద గదిలో దేన్నీ పట్టుకుని వేలాడకు అని. ఆ మేడమీద గదిలో దిగినవాళ్ళే వెళ్ళేటప్పుడు తువ్వాళ్ళు పట్టుకుపోతారు. ఆ సూక్తి మార్చేద్దామని మా యజమానురాలికి చెప్పి చూశాను. ఆవిడ సూక్తిని ఉంచి తువ్వాళ్ళు మార్చింది. ఇప్పుడు పల్చటివి వేస్తున్నాం.

మా ఇంట్లో మాత్రం ఉన్నది ఒకే సూక్తి. అది అమ్మది. గోడకు తగిలించే పనిలేకుండా ఎప్పుడూ ఆవిడ నోట్లోనే ఉండేది: "పోతే పోనీ, సముద్రం ఆడనే ఉంది గదా."

మిల్లు మూతపడి నాన్న ఇంటికొచ్చి కూర్చున్న రోజు అమ్మ అదే అంది. ప్లస్ టూలో నేను లెక్కలు తప్పినప్పుడూ అదే అంది. నెల్లూరులో నా కాపురం చెడి, పెట్టె పట్టుకుని తిరిగొచ్చినప్పుడు గుమ్మంలో నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ అదే మాట అని, స్నానానికి నీళ్ళు తోడింది. ఆ కాపురంలో నాకు మిగిలిందల్లా తెలుగు చదవడం, రాయడం. తమిళ బళ్ళో చదువుకున్న మా వాళ్ళలో అది వచ్చినవాళ్ళు తక్కువే గనుక పూర్తిగా నష్టమని చెప్పలేను.

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మిగతా అమ్మలు కష్టమొస్తే దేవుణ్ణి చూపిస్తారు, మా అమ్మ సముద్రాన్ని చూపించేది. పోయిన ఉద్యోగానికీ సముద్రానికీ ఏమిటి సంబంధం? పైగా ఆవిడ సముద్రం దగ్గరికి పోయేదే కాదు. మేముండేది నెల్లితోపులో. టౌన్ బస్సెక్కితే ఎంతో దూరం లేదు. కానీ కాళ్ళకు ఇసుక అంటితే అమ్మకు చిరాకు, ఉప్పుగాలికి జుట్టు జిడ్డు పడుతుందని విసుగు. ఒకసారి నాన్న పేపరు చదువుతూ, ఒడ్డున ఇసుకంతా కొట్టుకుపోయి రాళ్ళు పోశారట, ఇంక నీ మాట చెల్లదు అన్నాడు. నేను సముద్రమన్నాను గానీ ఇసుక అన్నానా అని అమ్మ వంకాయలు తరుగుతూనే జవాబిచ్చింది.

నాన్న పోయినప్పుడు మాత్రం ఆవిడ నోట ఆ మాట రాలేదు. కర్మ అయిపోయిన మర్నాడు పొద్దున గిన్నెలు తోముతూ, అదే మాట తనలో తను అనుకుంటుంటే విన్నాను.

పోయిన ఏడాది వానలకు ముందు అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మెల్లమెల్లగా కదిలింది గానీ మాట పూర్తిగా పడిపోయింది. మనుషుల్ని గుర్తుపట్టేది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. మొదటి నెలలే ముఖ్యమనీ, ఆలస్యమైన కొద్దీ మాట రావడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. ఏ మాట వినలేక ఇన్నేళ్ళూ విసుక్కున్నానో, అది ఇంక వినపడదేమోనని నాకు చెప్పలేనంత భయం పట్టుకుంది.

కబురు తెలిసి జనం సూక్తులు మోసుకుని వచ్చారు. పక్కింటావిడ, అమ్మ గ్రహాలు కుదుటపడడానికి ఒక మంత్రం రాయించి తెచ్చి తలగడ కింద పెట్టింది. మా యజమానురాలు, గదిలో వెలిసిపోయిన ఊపిరి పీల్చుకో ఫ్రేమును కానుకగా పంపింది. అమ్మకు పోయింది మాట, ఊపిరి కాదు. అయినా కానుక కదా అని బీరువా మీద పెట్టాను.

ఈ సరుకులో అందరికంటే పెద్ద వర్తకుడు మా మామ, అమ్మ తమ్ముడు. మా ఊళ్ళోనే కోసపాళయంలో ఉంటాడు. ప్రభుత్వోద్యోగం చేసినంతకాలం ఒక్క ఫైలూ కదిలించని మనిషి, రిటైరయ్యాక ప్రపంచాన్ని కదిలించే పనికి పూనుకున్నాడు. తెల్లారకముందే సూర్యోదయం బొమ్మ మీద ఒక జీవిత సత్యం వేసి, కింద తన పేరు పెట్టి, కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వదులుతాడు. అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని, విజయం మనసులోనే ఉందక్కా అని మొదలుపెడితే కాఫీ వచ్చేదాకా ఆపేవాడు కాదు. అదంతా తమిళంలో.

సొంత అక్కతో తమిళమెందుకంటే, మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాది ఎన్నో తరాల కిందట ఈ తమిళ ఊరికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. తెలుగు మాకు ఇంటి భాష, గేటు దాటదు. బయటిమనిషి ఒక్కరు ఇంట్లో ఉన్నా అందరం తమిళంలోకి మారిపోతాం. అర్థంకాని భాషలో మాట్లాడితే తన గురించే ఏదో అనుకుంటున్నామని ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని తాతల నాటి మర్యాద. అమ్మా నాన్నా పోట్లాడుకుంటున్నప్పుడు పోస్ట్‌మన్ వస్తే, అతను నిలబడ్డంతసేపూ పోట్లాట తమిళంలో సాగేది. అతను వెళ్ళగానే ఆగినచోటి నుంచి తెలుగులో అందుకునేవాళ్ళు.

అమ్మకు మాట నేర్పడానికి ఒక స్పీచ్ థెరపిస్టు వచ్చేది. చిన్న వయసు, ఓపిక గల పిల్ల. మొదటిరోజే ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. మామ తమిళమే అన్నాడు. బయటివాళ్ళు అడిగితే మేం ఎప్పుడూ చెప్పే జవాబు అదే. అబద్ధమాడానని ఆయనకు తోచి కూడా ఉండదు. బయటిమనిషి ముందు పెద్దవాణ్ణి ఎలా దిద్దుతాను? నేనూ ఊరుకున్నాను.

ఆ అమ్మాయి పిల్లి, గొడుగు, అరటిపండు బొమ్మలున్న కార్డులు చూపించి, తమిళంలో పేర్లు చెప్పమనేది. చుట్టాలింట్లో పెళ్ళి ఫోటోలు చూస్తున్నట్టు అమ్మ వాటిని మర్యాదగా చూసేది. ఒక్క మాటా వచ్చేది కాదు. అమ్మను కనిపెట్టుకుని ఉండడానికి రాత్రీ పగలూ ఒకామె మా ఇంట్లోనే ఉండేది. చెయ్యి ఆడించడానికి ఫిజియోథెరపీ అతను వచ్చేవాడు. వీళ్ళు కాక పలకరింపులకొచ్చేవాళ్ళు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక బయటిమనిషి. అలా అమ్మ మంచాన పడ్డప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ తెలుగు మాట్లాడలేదు. ఆ సంగతి మాకు తోచనే లేదు. అమ్మకు మాట పోయిందని ఏడుస్తూనే, ఆవిడ మాట ఒక్కటీ ఆవిడ చెవిన పడకుండా చూసుకున్నాం. అంత మర్యాదస్తులం.

ఒకరోజు ఆ అమ్మాయి కార్డులు సంచిలో సర్దుకుంటూ, ఇకపై తరచుగా రావడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదేమో అని మెత్తగా చెప్పి వెళ్ళింది. అర్థమైంది. ఆ మధ్యాహ్నం, అమ్మ మంచాన పడ్డాక మొదటిసారి, కనిపెట్టుకునే ఆమె కూడా సెలవు పెట్టింది. అమ్మకని పొయ్యి మీద పెట్టిన గంజి పొంగింది. దించబోతే చెయ్యి కాలి గిన్నె జారిపోయింది. వంటింట్లో నేలంతా గంజి. ఆ గంజి పక్కనే కూలబడ్డాను.

"ఇంక నా వల్ల గాదమ్మా," అన్నాను హాల్లోకి వినపడేలా. "నువ్వు మాట్లాడకుంటే నేను యాడికి పోయేది?"

ఇంట్లో ఎవరూ లేరు గనుక అది తెలుగులో వచ్చింది.

హాల్లోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది. తర్వాత, తుప్పుపట్టిన గొళ్ళెం లాగినట్టు, "సముద్రం" అని ఒక మాట. నేను కదల్లేదు. "ఆడనే... ఉంది గదా."

పరుగెత్తాను. అమ్మ నా వైపు చూస్తున్న చూపులో దయ ఏమీ లేదు. గంజి పారబోసినందుకు కోపంగానే ఉంది. ఆవిడ ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను.

థెరపిస్టు సంగతంతా విని నవ్వింది, కొంచెం చిరాకు కూడా పడింది. జీవితమంతా అలవాటుగా అన్న మాటలే ముందు తిరిగి వస్తాయట. అవి ఏ భాషలో ఉన్నాయో ముందే చెప్పి ఉండొచ్చు కదా అంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అవే కార్డులతో తెలుగులో మళ్ళీ మొదలుపెట్టింది. చాలా రోజులు అమ్మకు ఉన్నది ఆ ఒక్క వాక్యమే. దాహమేసినా సముద్రమే, దుప్పటి జారినా సముద్రమే. గొంతును బట్టి ఏం కావాలో తెలుసుకునేదాన్ని.

మామ ఆ వాక్యాన్ని తమిళంలోకి మార్చి, సూర్యోదయం మీద వేసి, కింద తన పేరు పెట్టి గ్రూపులోకి వదిలాడు. ఎందరో చేతులు జోడించారు. ఆ ఉత్సాహంలో, అక్క మనసంతా సముద్రం మీదే ఉందని తేల్చేశాడు. ఒక ఆదివారం కారు మాట్లాడి అందరినీ బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళాడు. సముద్రం వైపు గోడ పక్కన చక్రాల కుర్చీ నిలిపి, ఫోను అమ్మ మొహానికెదురుగా పట్టుకుని, చెప్పక్కా అన్నాడు తమిళంలో. ఆదివారం జనం కొందరు ఆగి చూస్తున్నారు.

అమ్మ సముద్రాన్ని చాలాసేపు చూసింది. గాలికి జుట్టు చెదిరి మొహం మీద పడింది. నేను కూడా ఆ వాక్యం కోసమే చూస్తున్నాను.

"జిడ్డు," అంది అమ్మ. ఆ తర్వాత స్పష్టంగా, "ఇంటికి పోదాం పా."

అది అమ్మకు వచ్చిన మొదటి కొత్త వాక్యం. మామ ఫోను దించి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తమిళంలో మాట్లాడమని నాకు గుసగుసగా చెప్పాడు. నేను అమ్మ మొహం మీది జుట్టు సర్ది, అందరికీ వినపడేలా తెలుగులోనే చెప్పాను.

"పోదాం అమ్మా. సముద్రం ఆడనే ఉంటది గదా."

"ఉండనీ," అంది అమ్మ.