గేటుకు కట్టిన బోర్డు

మా సర్కారు బడి గేటుకు ‘ప్రవేశాలు ముగిసినవి’ అని బోర్డు కట్టించింది నేనే. అప్పటికి ఆ ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. జనగామ నుంచి బదిలీ మీద మానుకోట జిల్లాకు వచ్చి కొన్నేళ్లయింది. బోర్డు పక్కన నిలబెట్టి ఫొటో తీశారు, పేపర్లో వేశారు. పై అధికారి వచ్చి శాలువా కప్పారు. నేను అడిగింది రెండు గదులు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, మా బడి సరిగ్గా అదే. ఐదు తరగతులకు మూడు గదులు. రెండు తరగతులు వరండాలోనే. వాన జల్లు కొడితే వాళ్లను లోపలికి తోసి ఒకే గదిలో రెండు పాఠాలు చెప్పేవాళ్లం. ఏ పాఠం ఎవరిదో పిల్లలే తేల్చుకోవాలి. సర్కారు ఏటా ఇచ్చే నిర్వహణ నిధికి మెట్లుంటాయి, ఇంతమంది నుంచి ఇంతమంది దాకా ఒకటే మొత్తం అని. ఆ మెట్లు బాగా వెడల్పు. మా పిల్లలు రెట్టింపైనా మేం అదే మెట్టు మీద ఉండిపోయాం. సుద్దముక్కలు, చీపుళ్లు, కరెంటు బిల్లు అన్నీ అందులోనే. అదీ సగం ఏడాది గడిచాక వచ్చేది. గదుల కోసం పెట్టిన అర్జీల నకళ్లతో ఒక అట్టపెట్టె నిండింది. ఆ పెట్టెకూ చోటు లేదు. చివరికి రాయడం మానేశాను.

పిల్లలు ఊరికే పెరగలేదు. ప్రతి వేసవి చివర మేం టీచర్లం చుట్టుపక్కల తండాలు తిరిగేవాళ్లం. ఇంగ్లీషు మీడియం, మధ్యాహ్నం భోజనం, గుడ్లు అంటూ కరపత్రాలు పంచేవాళ్లం. పిల్లలు తగ్గితే మా పోస్టులు ఎగిరిపోతాయన్న భయం కూడా ఉండేది. వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెడతామో ఎవరం ఆలోచించలేదు. తా దూర కంత లేదు, మెడకో డోలు.

బోర్డు కట్టిన వారానికి ఒక తండా నుంచి ఒకామె ఆరేళ్ల బిడ్డను తీసుకుని నడిచి వచ్చింది. బిడ్డ భుజాన కొత్త సంచి. ఒకటో తరగతిలో చేర్చుకోమంది.

“సీట్లు లేవు చెల్లె. బోర్డు పెట్టినం గదా,” అన్నాను.

“నాకు సదువు రాదు మేడం.” బొడ్లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మా కరపత్రమే. “గిది మీరే ఇచ్చిండ్రు. మా ఇంట్ల గూసోని చాయ్ తాగి చెప్పిండ్రు. పత్తి గింజలు పెట్టుడు అయ్యేదాక రాలేకపోయిన.”

“మీ తండాల బడి ఉండె గదా?”

“ఏడుంది మేడం? అందరు మీ దగ్గరికే వచ్చిరి. నలుగురైదుగురే మిగిలిండ్రని దానికి తాళమేసిండ్రు. ఆడ పిల్లలు లేరని మూసిరి, ఈడ ఎక్కువైండ్రని మీరు మూస్తిరి. నా బిడ్డ ఏడికి పోవాలె?”

సిగ్గేసింది. కోపమూ వచ్చింది. ఎవరి మీదో తేల్చుకునే ఓపిక లేక రిజిస్టరు తీసి బిడ్డ పేరు రాశాను. బడికొచ్చిన పిల్లను కాదనకూడదని చట్టమే ఉంది. బోర్డు కట్టేటప్పుడు ఆ సంగతి అందరం మరిచిపోయాం, శాలువా తెచ్చినాయనతో సహా.

వరండాలో ఒకటో తరగతి పక్కనే నా ఆఫీసు గది. ఆ గుమ్మంలో గోడవారగా ఒక చిన్న చాప వేయించాను. అక్కణ్ణుంచి నల్లబల్ల సగమే కనిపిస్తుంది. మిగతా సగం కోసం ఆ పిల్ల మెడ సాచేది.

మర్నాడు గేటు దగ్గర అదే తండా నుంచి ముగ్గురు తల్లులు, ముగ్గురు పిల్లలు. తన బిడ్డకు సీటు దొరికిందని ఆమె చెప్పినట్టుంది. ముగ్గురి చేతుల్లోనూ మా కరపత్రమే. నేను వాళ్లకు బోర్డు చూపించాను. చదవలేరని తెలిసే చూపించాను. పిల్లల చేతులు పట్టుకుని ఎండలో వెనక్కి తిరిగారు.

నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. చాప మీది పిల్ల అంతా చూసింది. వచ్చీరాని తెలుగులో, “మేడం, నేను ఇటు జరుగుత, గాళ్లు గూసుంటరు,” అని గోడ వైపు జరగబోయింది. అప్పటికే ఆ పిల్ల గోడకు ఆనుకుని ఉంది.

వాళ్లింకా మలుపు దాటలేదు. కేకేస్తే వినిపించేంత దూరమే. నేను వేయలేదు.