పెట్టె తలుపు మూశాక పుట్టిన ప్రశ్న

ఆ రోజుల్లో, రెండు పక్షాలూ ఒక అధ్యక్షురాలూ ఖండనకు తగిన వ్యవధీ లేకుండా లోకంలో ఏ పనీ మొదలు కాకూడదని నాకు గట్టి నమ్మకం ఉండేది. కాలేజీ డిబేట్లలో గెలిచిన కప్పులు మా ఇంటి అలమారాలో ఎంత చోటు ఆక్రమించాయో, ఆ నమ్మకం నా బుర్రలో అంతకు రెట్టింపు ఆక్రమించింది. (వంకాయ కూర చెయ్యనా, బెండకాయ వేపుడు చెయ్యనా అని అమ్మ అడిగితే, ముందు ప్రశ్నను నిర్వచించుకుందాం అనేదాన్ని. ఆ పూట పెరుగన్నమే దొరికేది.)

అలాంటి నన్ను రోబో పోరాటాలకు నిర్ణేతగా పెట్టుకోవడం మా బృందం చేసిన సాహసం. సరదాకి రోబోలు తయారుచేసుకునే కొందరం, చింతాద్రిపేటలో మా మామ మోటారు సామాన్లు దాచుకునే షెడ్డులో ఆదివారాలు వాటిని పోట్లాడించాలనుకున్నాం. మామ ఒక్కటే షరతు పెట్టాడు. "ఆడుకోండి పాపా, వద్దనలా. ఎవరికన్నా ఒక్క నెత్తురు చుక్క కారిందా, షెడ్డుకు బీగం. అంతే దా." ఆ మాటను నేను శాసనంలా స్వీకరించాను. గాజులా లోపలిది కనిపించే దళసరి పాలీకార్బొనేట్ రేకులతో పెద్ద పెట్టె కట్టించాం. రోబోలను లోపల దింపి, స్విచ్చులు వేసి, తలుపు గడియ వేశాక ఫలితం తేలేదాకా ఎవరూ తెరవరాదని నియమం రాసి గోడకు అంటించాను. (ఆ నియమం మంచిదేనని ఇప్పటికీ వాదించగలను.)

మొదటి పోటీ రంపానికీ, తొండియార్‌పేట నుంచి వచ్చే మా బృందంలోని అక్కకీ. రంపం నా సహాధ్యాయి. రోబో ముందు గిర్రున తిరిగే ఉక్కు బిళ్ల బిగించినందుకు వాడికా పేరు. ఏడాదిగా దానికి సానపడుతున్నాడు. ఇంతలో హోసూరులో ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రమే బస్సు. ఆ బిళ్ల ఒక్కసారైనా శత్రువును తాకుతుందా లేదా అన్నది ఆ మధ్యాహ్నమే తేలాలి. అక్క రోబో చేట ఆకారంలో నేలకు అంటుకుని ఉండేది. ఎదుటిదాని కింద దూరి ఎత్తి పడేయడమే దాని విద్య.

గడియ వేశాను. ఇద్దరూ సిద్ధమన్నారు. ఈల నోట్లో పెట్టుకున్నాక నాకొక ప్రశ్న తట్టింది. "రెండూ ఒకేసారి ఆగిపోతే గెలుపెవరిది?"

"ఆగినప్పుడు చూస్తాంలే. ఊదు తల్లీ, నీకు పుణ్యముంటాది," అన్నాడు రంపం.

నియమం లేని చోట తీర్పు నిరంకుశత్వమవుతుందని నేను గంభీరంగా చెప్పాను. అంతే, సభ రెండుగా చీలింది. వాదన, ప్రతివాదన, ఖండన సాగాయి. మా డిబేట్లలో మెచ్చిన మాటకు బల్ల చరచడం ఆచారం. షెడ్డులో బల్ల లేదు. కనుక తన పక్షాన మంచి మాట పడినప్పుడల్లా రంపం రిమోటు నొక్కి బిళ్లను ఝుమ్మనిపించేవాడు. అక్క చేటను టపటపా ఎగరేసేది. నా ముగింపు ప్రసంగానికైతే రెండు మోటార్లూ కలిసి మోగాయి. (అంతటి ప్రశంస నాకు మళ్లీ ఏ వేదిక మీదా దక్కలేదు.) చివరకు ఓటు పెట్టాం. అలాంటిది జరగనే జరగదు, కాబట్టి నియమం అక్కర్లేదని అధిక సంఖ్యాకులు తేల్చారు. ఓటమిని హుందాగా అంగీకరించి ఈల ఊదాను.

రోబోలు కదిలాయి. కదిలాయనడం కూడా మర్యాదకే. పెళ్లి భోజనం చేసి లేచిన పెద్దమనుషుల్లా ఒకదాని వైపు ఒకటి మెల్లగా నడిచాయి. బిళ్ల వెళ్లి చేటను ముద్దుగా తాకింది. రెండూ ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు గుమ్మంలో నిలబడి చూస్తున్న మామ.

"బ్యాటరీ అయిపాయ మామా," అంది అక్క. "రెండింటికీ."

"తలుపు తీసి చార్జి పెట్టుకోండి మరి."

"ఫలితం తేలకుండా తీయకూడదు మామా," అన్నాను.

"అయితే తేల్చు."

"తేల్చడానికి నియమం లేదు."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్ను కాలేజీలో ఏం చదివించినారు పాపా?"

అక్కే ముందుకొచ్చింది. "నేనే ఓడిపోయినానని రాసుకో. వానికి బస్సు టైమవతా ఉండాది."

"దానం వద్దక్కా," అన్నాడు రంపం. "కొట్టి గెలవాల. లేదంటే నేనూ ఓడిపోయినట్టే."

ఇద్దరూ ఓడినట్టు ప్రకటించి గడియ తీశాను. చార్జింగు ఎక్కేదాకా బస్సు ఆగదు. రంపం రోబోను పాత తువ్వాలులో చుట్టుకున్నాడు. మామ ఒక్కడే సంబరపడిపోయాడు. "సెమ సేఫ్టీ అప్పా! ఒక్క చుక్క కారలా. వచ్చే ఆదివారం కూడా ఈడే పెట్టుకోండి."

గేటు దాకా వెళ్లిన రంపం వెనక్కి తిరిగాడు. "ఇంకో రూలు రాసుకో. నీకేదన్నా డౌటుంటే తలుపు ముయ్యకముందే అడుగు." రాసుకున్నాను. ఏ సవరణా ప్రతిపాదించలేదు.

ఆ షెడ్డులో పోరాటాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఇంతవరకు నెత్తురు చుక్క రాలలేదు. గడియ మీద చెయ్యి వేసే ముందు అందరూ నా వైపు తిరిగి ఓపిగ్గా నిలబడతారు. ఒక్కోసారి నిజంగానే అడగడానికేమీ ఉండదు. అయినా ఒక క్షణం ఆగి, హోసూరు బస్సు అందుకోవలసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముఖాలు చూస్తాను. అప్పుడు ఒకప్పటి నాలోని ఆ కప్పుల అమ్మాయి గుర్తొస్తుంది. నవ్వుతూ ఊదితే ఈల సరిగా మోగదు.